మైకులో అన్నది

ఈ దీవుల్లో ఒక ఆడమనిషిని పంచాయతీ ప్రధాన్ కుర్చీలో కూర్చోబెట్టింది నేను. ఒంటి గొంతుతో. ఒక ఆదివారం సాయంత్రం మైకు పట్టుకుని పది నిమిషాలు మాట్లాడాను, అంతే. ఫెరార్‌గంజ్ అవతల ఒక పంచాయతీ పంచాయతీ అంతా ఆవిడ వైపు తిరిగిపోయింది. ముందు వరసలో ముసలాయన కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. అంతకుముందు వారం ఆవిణ్ని చూసి నవ్వినవాళ్లే లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

ఇలా మొదలెడితే మీరు రెండో పేజీ దాకా వస్తారని మొదలెట్టాను. ఇందులో ఎన్ని నీళ్లు కలిపానో దారిలో నేనే చెబుతాను. పాలవాడు కూడా చెయ్యని పని అది, కాబట్టి కాస్త మెచ్చుకోండి.

పేర్లు మాత్రం రాయను. చిన్న ఊళ్లు. ఇక్కడ ఒక పేరు రాస్తే ఆ పేరుకి నాలుగు దీవుల్లో చుట్టాలు తేలతారు, సాయంత్రానికి గుమ్మంలో ఉంటారు. ఎవరి గౌరవం వాళ్లకుండాలి కదా.

మొదటి నీళ్లచెంబు ఇక్కడే ఒప్పుకుంటాను. నేను చాతం జెట్టీలో మైకు ఆఫీసరుగా పనిచేశానని చెప్పుకు తిరుగుతాను. అలాంటి ఉద్యోగమే లేదు. నేను లస్కరుని. బంబూఫ్లాట్ నుంచి ఫెర్రీ వచ్చి ఆగితే తాడు అందుకుని కట్టేవాణ్ని. మైకులో చెప్పే మనిషి సెలవు పెట్టిన రోజుల్లో ఆ పని నాకిచ్చేవారు. అతనికి తరచూ కడుపునొప్పి వచ్చేది. అతని కడుపు నాకు గొంతు ఇచ్చింది. "ప్రయాణికులకు విజ్ఞప్తి, ముందు బళ్లు, తర్వాత మనుషులు, తోసుకోవద్దు" అని హిందీలో ఒకసారి, తెలుగులో ఒకసారి అనేవాణ్ని. సముద్రం మీద ఆ మాట అలా సాగిపోతుంటే, శ్రీకాకుళం తీరాన వలలు లాగిన మా అయ్య వింటే బాగుండును అనిపించేది. ఆయన గొంతు పడవకీ పడవకీ మధ్య అరవడానికి తప్ప పనికి రాలేదు.

ఇప్పుడు గరాచర్మలో ఉంటున్నాను. మా వీధిలో అన్నీ కొత్త ఇళ్లు, కొత్త గేట్లు. గేట్లున్న చోట పలకరింపులుండవు. నా భార్య పోయి నాలుగేళ్లయింది. మాకు పిల్లల్లేరు. మధ్యాహ్నం కుక్కర్ మూత తీసి, గరిటె నోటి దగ్గర పెట్టుకుని, "ప్రయాణికులకు విజ్ఞప్తి, అన్నం ఉడికింది, దయచేసి తోసుకోకుండా రండి" అంటాను. ఒక్కడే వస్తాడు. తోసుకోకుండానే వస్తాడు. ఈ ముక్కలో మాత్రం నీళ్లు లేవు.

ఇక అసలు సంగతి. ఇరవై ఆరేళ్ల కిందటి జనవరి ఇరవై ఆరు. ఫెరార్‌గంజ్‌లో ఆడవాళ్ల సైకిల్ పందెం పెట్టారు. ట్రంక్ రోడ్డు మీద వెళ్లి తిరిగి మైదానం దగ్గరికి రావాలి. వ్యాఖ్యానం చెప్పడానికి జెట్టీలో గొంతున్నవాడని నన్ను పిలిచారు. మా జాలరి కుటుంబాల నుంచి ఇద్దరమ్మాయిలు పందెంలో ఉన్నారని మనవాళ్లు లారీ కట్టుకుని వచ్చి, నా కుడి పక్కన టార్పాలిన్ కింద కూర్చున్నారు. నా భార్య కూడా వాళ్లలోనే ఉంది.

అందరికంటే ముందు వస్తున్నది ఒక రాంచీ అమ్మాయి. అడవులు కొట్టడానికని ఎప్పుడో రాంచీ నుంచి తెచ్చిన కూలీల మనవరాలు. ఇరవై ఏళ్లుంటాయి. గట్టి కాళ్లు, నిగనిగలాడే నల్లటి ఒళ్లు, అన్నదమ్ములెవరివో నిక్కరు. మనవాళ్ల పిల్లలు కనుచూపు మేరలో లేరు. టార్పాలిన్ కింద జనం డీలా పడిపోయారు. మైకు పట్టుకున్నవాడికి జనం డీలా పడితే ఊపిరాడదు. అప్పుడు నా నోట్లోంచి ఊడిపడింది.

"దూరం జరగండి, దూరం జరగండి! బొగ్గింజను వస్తోంది!"

ఈ దీవుల్లో రైలు లేదు. సగంమంది రైలు చూసినవాళ్లు కాదు. అయినా గొల్లున నవ్వారు. హిందీలో కోయిలా ఇంజన్ అన్నాను, ఇంకా నవ్వారు. నవ్వు కల్లు లాంటిది, ఒక ముంతతో ఆగదు. తర్వాతవి హిందీలో అనలేదు. తెలుగులో, కుడి పక్కకి తిరిగి, మనవాళ్ల కోసం మాత్రమే అన్నాను. ఆ కాళ్లు చాతం కలప మిల్లుకి పోవలసిన దుంగలని, దారి తప్పి సైకిలెక్కాయని అన్నాను. ఈ పిల్లని చేసుకున్నవాడు లాంతరు పట్టుకుని పెళ్లాన్ని వెతుక్కోవాలన్నాను. రాంచీ పిల్లకి తెలుగేం తెలుస్తుంది అనుకున్నాను. ఇది మేం దీవులవాళ్లం అందరం చేసే పనే. బెంగాలీవాళ్లు మమ్మల్ని బెంగాలీలో అంటారు, తమిళులు తమిళంలో అంటారు, మేం అందర్నీ తెలుగులో అంటాం. మాట అడ్డుగోడ అనుకుంటాం. అందరూ ఒకే బజార్లో చేపలు కొంటాం, ఒకే నీళ్ల పంపు దగ్గర నిలబడతాం, అయినా అలాగే అనుకుంటాం.

ఆ పందెం గురించి ఇరవై ఆరేళ్లుగా నేను చెప్పే కథ ఇది: నా మాటకి ఆ పిల్లకి కసి పుట్టింది, పళ్లు బిగించి తొక్కింది, మొదటి బహుమతి కొట్టింది, ఆ బహుమతిలో సగం నాది. టీ కొట్టు దగ్గర ఎన్నిసార్లు చెప్పానో.

ఆమె మూడోది వచ్చింది. ఆఖరి మలుపు దాకా ముందే ఉంది. ఆ మలుపు దగ్గర కొబ్బరిచెట్టుకి మైకు హారన్ కట్టారు. ఆమె నన్ను చూడకముందే నా మాట ఆమెకి ఎదురెళ్లింది. రోడ్డుకి రెండు పక్కలా జనం నోళ్లు గుండ్రంగా పెట్టి కూత పెట్టారు. ఆమె తల వంచుకుంది. తల వంచుకున్నవాళ్లకి రోడ్డు కనబడుతుంది గాని ఎంత దూరముందో కనబడదు. ఇద్దరు దాటిపోయారు. వాళ్లు కూడా మనవాళ్ల పిల్లలు కారు, అయినా టార్పాలిన్ కింద చప్పట్లు కొట్టారు.

తిరుగు ప్రయాణంలో ఫెర్రీ మీద నా భార్య రెయిలింగు పట్టుకుని నిలబడింది. ఏదైనా పొగుడుతుందని నేను పక్కనే నిలబడ్డాను.

"మనింట్లో అద్దం లేదేటి?" అంది.

నేను జుట్టు చెదిరిందనుకుని చేత్తో దువ్వుకున్నాను.

"జుట్టు కాదు. నీ రంగేటి? నా రంగేటి? పడవ అడుక్కి తారు పూసినట్టుంటాం ఇద్దరం. ఆ పిల్లనంటావా?"

"నవ్వులకన్నానే. జనం నవ్వలేదా?"

"నవ్వినోల్లని సూసినావు. ఆ పిల్లని సూసినావా?"

చూడలేదు. తర్వాతి ఏడు పందెంలో ఆ అమ్మాయి లేదు. "బొగ్గింజను షెడ్డుకెళ్లిపోయింది" అని మైకులో అన్నాను. జనం మళ్లీ నవ్వారు. నా భార్య ఆ ఏడు రాలేదు. ఆ తర్వాత నేను ఎక్కడ మైకు పట్టుకున్నా రాలేదు.

మొన్నటి పంచాయతీ ఎన్నికల ముందు ఒక మధ్యాహ్నం నా గేటు చప్పుడయింది. పోస్టు తప్ప నా గేటు ఎవరూ కదపరు, అందుకని చొక్కా వేసుకుని మరీ వెళ్లాను. నలభై ఏళ్లాయన, మైకుసెట్లు అద్దెకిచ్చేవాడు. మన తెలుగువాడే గాని ఇక్కడే పుట్టాడు, సగం హిందీ మాట్లాడతాడు.

"అంకుల్, నమస్తే. గొంతు ఉందా ఇంకా?"

"గొంతుకేం, హార్బరుకి ఇటు అంటే అటు వినపడుతుంది."

"అది చాలంకుల్. యాద్ హై నా? ఆ సైకిలు దీదీ, బొగ్గింజను? ప్రధాన్‌కి నిలబడింది. మా క్యాండిడేటు భయ్యా అంటున్నాడు, ఆ పాత పెద్దాయన చేత ఒక్కసారి అదే గొంతుతో అనిపిస్తే, బస్, జనం ఓటు మాట మర్చిపోయి నవ్వుకుంటారు."

అతన్ని గేటు బయటికి నెట్టి, "ఆడమనిషిని ఎగతాళి చేసే బతుకు ఒక బతుకా" అని వీధంతా వినేలా అరిచాను. నాలుగు కిటికీలు తెరుచుకున్నాయి.

లేదు. ఆ కిటికీలు ఎప్పుడూ తెరుచుకోవు. నేను అతనికి టీ పెట్టాను. ఎవరైనా వస్తారని దాచిన బిస్కెట్ల పొట్లం విప్పాను, మెత్తబడిపోయి ఉన్నాయి, అతను పాపం రెండు తిన్నాడు. నా జెట్టీ కథలు చెప్పాను. అతను "అచ్ఛా, అచ్ఛా" అంటూ విన్నాడు. నాలుగేళ్లలో నా మాటకి అచ్ఛా అన్నవాడు అతనే. ఆ ఒక్క అచ్ఛా కోసం ఏది చెప్పమన్నా చెప్పేవాణ్నని ఇప్పుడు తెలుస్తోంది. అతను ఫోను నా ముందు పెట్టాడు.

"దూరం జరగండి, దూరం జరగండి! బొగ్గింజను వస్తోంది! పొయ్యి ఆర్పి, పిల్లల్ని పస్తు పెట్టి వస్తోంది! కుర్చీకి మసి అంటుతుంది ఓటరన్నలారా, జాగ్రత్త!"

తెలుగులో ఒకటి, హిందీలో ఒకటి. రెండోసారికే బాగా వచ్చింది, చాలన్నాడు. నాకు గొంతు కొంచెం వణికినట్టనిపించింది. మూడోసారి నేనే అడిగి చెప్పాను.

రెండు రోజులు ఆగి ఫెరార్‌గంజ్ బస్సెక్కాను. కండక్టరుతో అరటి పిలకలు కొనడానికన్నాను. నాకు పిలకలు పాతడానికి జానెడు నేల లేదు. నా గొంతు వినడానికి వెళ్లాను.

బజార్లో ఆవిడ కనబడింది. పక్కన ఇద్దరు ఆడవాళ్లు కాగితాలు పంచుతున్నారు. ఒళ్లు కొంచెం పెరిగింది, ముందు జుట్టు నెరిసింది, నడకలో మాత్రం ఆ కాళ్లే. కూరల బండి దగ్గర వంకాయలు ఏరుతోంది. ఇంతలో హారన్లు కట్టిన ఆటో వచ్చింది. వచ్చి సరిగ్గా ఆవిడ పక్కన నెమ్మదించింది. నా గొంతు. మూడోసారి చెప్పింది వేశారు, బాగా వచ్చింది.

బజారు నవ్వింది. టీ కొట్టు బల్ల మీదనుంచి ఒకడు, "దీదీ, వంటయిందా?" అన్నాడు.

ఆవిడ వంకాయ తిప్పి పుచ్చు చూసుకుంటూ, "అయింది భయ్యా. నీ ఇంట్లో పెట్టకపోతే రా, ఒక ముద్ద పెడతాను" అంది. ఈసారి వాడి పక్కనున్నవాళ్లు నవ్వారు.

బాగానే కాచుకుంది కదా అనుకున్నాను. నా మనసు తేలికపడుతుండగానే, బడి నుంచి ఇద్దరాడపిల్లలు సైకిళ్ల మీద వచ్చారు. ఆటో వాళ్లని దాటింది. ఇద్దర్లో నల్లగా ఉన్న పిల్ల బ్రేకు వేసి దిగిపోయింది. ఎవరూ ఆ పిల్లనేమీ అనలేదు. చూడను కూడా చూడలేదు. అయినా దిగిపోయి, సైకిలు నడిపించుకుంటూ, గోడవారగా బజారు చివరిదాకా వెళ్లింది. బజారు దాటాక మళ్లీ ఎక్కింది.

నేను టీ కొట్టు స్తంభం వెనక్కి జరిగాను. అక్కడ నన్ను గుర్తుపట్టేవాళ్లెవరూ లేరు, అయినా జరిగాను.

ఆ మైకుసెట్ల మనిషికి ఫోను చేసి, అది తీసేయమన్నాను.

"ఆటోలోంచి తీసేస్తానంకుల్. కానీ వాట్సాప్‌లో వెళ్లిపోయింది. ఫెరార్‌గంజ్ నుంచి డిగ్లీపూర్ దాకా అందరి ఫోన్లలో ఉంది. సముద్రంలో ఉప్పేసి ఏరి ఇవ్వమంటే ఎలా?" అని నవ్వాడు. "హిట్ అయిపోయారు అంకుల్ మీరు!"

ఆ సాయంత్రం ఇంట్లో కూర్చుని ఒక లెక్క చూసుకున్నాను. నా భార్య పోయింది. జెట్టీలో కొత్త మైకులు, కొత్త గొంతులు. నాతో తాళ్లు కట్టినవాళ్లలో ముగ్గురు పోయారు, ఒకాయనకి జ్ఞాపకం పోయింది. నేను పోయాక ఈ భూమ్మీద నా గొంతు ఎక్కడైనా మిగిలిందంటే ఆ ఫోన్లలోనే మిగులుతుంది. మనుషులు మంచమ్మీద మంచినీళ్లడిగి పోతారు. నేను బొగ్గింజను అంటూ ఉండిపోతాను. దాని పక్కన ఇంకో మాట నా గొంతులోనే నిలబెట్టాలి, ఆవిడ నిలబెట్టనిస్తే.

మర్నాడు ఆవిడ ఇంటికి వెళ్లాను. పంచాయతీ చివర రేకుల ఇల్లు, చుట్టూ వక్క చెట్లు. ముంగిట రేకు మీద వక్కలు ఎండబోసి కాళ్లతో తిరగేస్తోంది. బస్సులో హిందీలో వల్లె వేసుకున్నది అప్పజెప్పాను: దీదీ, ముసలివాణ్ని, బుద్ధి గడ్డి తిన్నది, పందెం రోజున మైకులో ఒక మాట తప్పుగా అన్నాను, మొన్న మళ్లీ అన్నాను, మాఫ్ కరో.

ఆవిడ కాళ్లు ఆపలేదు. "హిందీలో అన్నదానికి సరే," అంది. తెలుగులో అంది. "తెలుగులో అన్నదానికేటి?"

నాకు ఒంట్లో తాడు తెగినట్టయింది. అచ్చంగా మా వాడ తెలుగు. మా అమ్మ మాట్లాడినట్టుంది.

"మాయమ్మ పదేళ్లు మీవాళ్ల దగ్గర ఎండుచేపలు ఏరింది. నేను ఆ వాడలోనే పెరిగాను. దుంగలన్నావు. లాంతరన్నావు. హిందీలో అన్నది నవ్వులాట అనుకున్నాను. ఇటు తిరిగి మెల్లిగా అన్నావు చూడు, అది మనసులో మాటని తెలిసింది."

మైకులో మెల్లిగా అనడం ఏమిటని మీరనచ్చు. కుడి పక్కకి తిరిగి, గొంతు తగ్గించి, గుట్టు చెబుతున్నట్టు అన్నాను. హారన్‌కి గుట్టు తెలియదు.

"అప్పుడే ఎందుకు అడగలేదమ్మా?"

"మైకు నీ చేతిలో ఉంది."

ఆవిడ వక్కల్ని ఇంకో వరస తిరగేసింది. తర్వాతి ఏడు వాళ్లమ్మ సైకిలు లోపల పెట్టి తాళం వేసిందని చెప్పింది. జనం నవ్వుకోడానికి నువ్వెందుకే తొక్కడం అందట. ఆ తాళంచెవి ఎక్కడుందో తనకి తెలుసని, తీసుకోలేదని కూడా చెప్పింది. ఆవిడ తెలుగులో "మీరు" లేదు, మా వాడలో ఎవరికీ లేదు. ఆ నువ్వు వింటుంటే తిడుతున్నట్టు లేదు, సొంతమనిషిలా చూస్తున్నట్టూ లేదు. ఏది అనుకోవాలో తేలక చేతులు నలుపుకున్నాను.

"ఆదివారం సాయంత్రం మా మీటింగుంది," అంది చివరికి. "రా. మైకులో అన్నది మైకులోనే చెప్పు. నా ముంగిట్లో చెప్తే ఈ వక్కలకి తప్ప ఎవరికీ వినపడదు."

ఆదివారం వెళ్లాను. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాను. మైదానంలో ఒక బల్ల, మైకు, రెండు హారన్లు జనం వైపు తిప్పి కట్టినవి. నా చెవిమిషన్ మైకు దగ్గర కూత పెడుతుంది, అందుకని తీసి జేబులో పెట్టుకున్నాను. మైకు చేతికి తీసుకునేసరికి మోకాళ్ల నొప్పి ఎటు పోయిందో. ఎంత జనం! అన్ని ముఖాలు ఒకేసారి నా వైపు తిరిగి నాలుగేళ్లయింది. మొదలు గట్టిగా ఉండాలి, అందుకని పాత గొంతుతోనే ఎత్తుకున్నాను.

"దూరం జరగండి, దూరం జరగండి! ఈవిడకి బొగ్గింజను అని పేరు పెట్టిన పాపాత్ముణ్ని నేనే!"

ఆ తర్వాత అంతా చెప్పాను. తప్పయిపోయిందన్నాను. నా రంగేమిటో చూడమని చొక్కా చెయ్యి పైకి లాగి చూపించాను. ఈవిడ ఆవేళ మొదట రావలసిన మనిషి, వెనక్కి లాగింది నా నోరు, ఓటుతో ముందుకి పంపండి అన్నాను. పది నిమిషాలు. ముసలాయన కళ్లు తుడుచుకున్నాడు. జనం లేచారు, చేతులు కొట్టడం కనబడింది. ఆవిడ నా చేతిలోంచి మైకు తీసుకుని, ఇంకో చేత్తో కుర్చీ చూపించింది. కూర్చున్నాను. ఆ రోజు తిరుగు బస్సులో పక్క సీటు ఖాళీగా ఉంటే, నా భార్య కూర్చుందనుకుని, "చూశావా?" అన్నాను.

ఆవిడ గెలిచింది.

ఆ తర్వాత నా గేటు మళ్లీ ఎవరూ కదపలేదు. మైకుసెట్ల మనిషి కూడా రాలేదు, నాతో పనేముంది ఇంక. కుక్కర్ మూత తీసినప్పుడు విజ్ఞప్తి చేయడం మానేశాను. ఎందుకో ఆ గొంతు ఇంట్లో వినాలనిపించలేదు. బదులుగా ఇది రాశాను. ఫోన్లలో ఉన్నది ఉంటుంది, కాగితం మీద ఇదీ ఉంటుందని.

నిన్న ఇంతవరకు రాసింది పట్టుకుని ఫెరార్‌గంజ్ బస్సెక్కాను. ఆవిడకి తెలుగు మాట్లాడడం వచ్చు, చదవడం రాదు. చదివి వినిపిస్తానన్నాను. పంచాయతీ ఆఫీసు నుంచి వచ్చి, చీర కుచ్చిళ్లు దోపుకుని, అడకత్తెరతో వక్కలు ఒలుస్తూ వింది. ఎక్కడా నవ్వలేదు. పాలవాడి దగ్గర నవ్వుతుందనుకున్నాను. నా భార్య అద్దం మాట దగ్గర ఒక్కచోట చెయ్యి ఆగింది. గెలిచింది అన్న చోట నేను కాగితాలు దించి ముఖంలోకి చూశాను.

"అంకుల్," అంది. "నీ మాటకి గెలవలేదు నేను. మూడు వేసవులు ట్యాంకరు ఎనకాల తిరిగి నీళ్లు తెప్పించాను. నీళ్లకి గెలిచాను."

"అది సరే. కానీ ఆవేళ జనం—"

"జనం ఏటీ వినలేదు. మైకు ఆపీసాను."

నేను చెవిమిషన్ సర్దుకున్నాను.

"నువ్వు లేచి మొదట ఏటన్నావు? మళ్లీ అదే పేరు, మళ్లీ అదే గొంతు. జనం గొల్లుమన్నారు. నీ మిషన్ జేబులో ఉంది, నీకేటి తెలుస్తాది. పాపాత్ముణ్ని అన్న ముక్క వినేవోడెవడు? మళ్లీ అనబోతావని మా ఆయనకి సైగ చేస్తే తీగ పీకీసాడు. నువ్వు పది నిమిషాలు గాలికి చెప్పినావు. ఆ ముసలాయనకి కంట్లో శుక్లం, రోజూ తుడుచుకుంటాడు. చప్పట్లు నువ్వు దిగుతున్నావని కొట్టినారు."

వక్క ఒకటి ఒలిచి రేకు మీద పడేసింది.

"అయితే చింపేయమంటావా?"

"ఎందుకు? నీ మూడోసారి సంగతి, ఆ సైకిలు పిల్ల సంగతి నిజమే రాసినావు. అయి ఉండనీ. మొదట్లో ఒకటి రాసినావు చూడు, పేర్లు రాయను, ఎవరి గౌరవం వాళ్లకుండాలని. అది అబద్ధం."

"ఒక్క పేరు రాస్తే చూపించు."

"ఎంచుతూనే ఉన్నానంకుల్, ఒక చేతి వేళ్లు చాల్లేదు. నువ్వు పెట్టిన పేరు ప్రతిచోటా రాసీసావు. రాయంది మాయమ్మ పెట్టిన పేరొక్కటే."